ఆర్ట్ జర్నల్: పద్ధతి వాళ్ళది, పేజీ మీది

ప్రశ్న: నేను విజయనగరంలో ఉంటాను, కాలేజీలో పాఠాలు చెబుతాను. పాప పడుకున్నాక రాత్రి గంటసేపు ఆర్ట్ జర్నల్ (బొమ్మలు, అతికించిన ముక్కలు, మాటలతో నింపే పుస్తకం) వేసుకోవడం అలవాటైంది. విదేశీ ఆర్టిస్టుల వీడియోలు చూసి మిక్స్‌డ్ మీడియాలో (రంగులు, కాగితాలు, జిగురు కలగలిపి చేసే పనిలో) కొత్త కొత్త టెక్నిక్‌లు చేస్తుంటాను. జెస్సో (రంగుకు ముందు వేసే తెల్లపూత), జెల్ ప్లేట్ (ముద్రలు తీసే మెత్తని పలక), స్టెన్సిళ్ళు, టెక్స్చర్ పేస్ట్ (ఉబ్బెత్తు డిజైన్లకు వాడే చిక్కని ముద్ద), వాషి టేపులు (డిజైన్ల కాగితపు టేపులు) అన్నీ కొన్నాను. బాగా వచ్చిన పేజీ ఏదైనా ఉంటే అది ఆ ఆర్టిస్టు పేజీకి నకలే. నకలు వద్దని సొంతంగా చేస్తే బురద. పైగా కాగితం ఉబ్బిపోతోంది, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. 'చించి అతికించడానికి ఇంత ఖర్చా' అని మావారు నవ్వుతారు. ఇలా ఇతరుల్ని చూసి చేయడం తప్పా? నాకంటూ ఒక శైలి ఎలా వస్తుంది? వీటిని బుక్‌మార్కులుగా చేసి అమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీవారి జోకు సంగతి తేల్చేద్దాం. 1912లో చిత్రకారుడు పికాసో ఒక కాన్వాసు మీద కుర్చీ అల్లిక బొమ్మ అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ అతికించి, చుట్టూ ఫ్రేముకు బదులు తాడు కట్టాడు. అదే ఏడాది ఆయన స్నేహితుడు బ్రాక్, ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో ఒక దుకాణంలో చెక్కలా కనిపించే వాల్‌పేపర్ చూసి, కొని, ముక్కలు కోసి బొగ్గుతో గీసిన బొమ్మలో అంటించాడు. అవి రెండూ ఇప్పుడు పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. చించి అతికించడానికి వందేళ్ళు దాటిన చరిత్ర ఉందని మీవారికి చెప్పండి. ఖర్చు గురించి అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది. మీ సామాన్ల లిస్టు చదువుతుంటే నాకూ అలాగే అనిపించింది.

ఇతరుల్ని చూసి చేయడం తప్పేమీ కాదు. చిక్కు ఎక్కడంటే, మీరు చూస్తున్నది పూర్తయిపోయిన పేజీని. ఆ గులాబీ రంగు, మూలన ఆ నలుపు, స్టెన్సిల్ చుక్కలు, మధ్యలో అమ్మాయి ముఖం. పది నిమిషాల వీడియోలో అది చకచకా అయిపోతుంది. ఆరబెట్టిన సమయం, నచ్చక కప్పేసిన పొర, ఎప్పుడో రంగులు వేసి డబ్బాలో దాచుకున్న కాగితాల గుట్ట అందులో కనిపించవు. ఫొటో చూసి పులిహోర కలిపితే పసుపు రంగైతే వస్తుంది, పులుపు రాదు.

కాబట్టి ఒక ఆర్టిస్టు దగ్గర పని జరిగే తీరు తీసుకోండి, సామాను మాత్రం మీ ఇంట్లోదీ మీ ఊరిదీ వాడండి. మనం ఇవాళ టెక్నిక్ అని పేరు పెట్టి కిట్లలో కొనుక్కుంటున్న వాటిలో చాలా భాగం, ఎవరో ఒకరు చేతికి అందినదాంతో పని కానిచ్చుకున్నప్పుడు పుట్టినవే.

కుర్ట్ ష్విట్టర్స్ అని ఒకాయన ఉన్నాడు. జర్మనీలో హానోవర్ ఊరివాడు, 1887లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో దేశం చితికిపోయి ఉన్న రోజుల్లో ట్రామ్ టికెట్లు, చిరిగిన ప్రకటనలు, గుడ్డ పీలికలు, చెక్క ముక్కలు ఏరి కొలాజ్‌లు, అంటే ముక్కలు అతికించిన బొమ్మలు, చేశాడు. నాజీల కాలంలో 1937లో నార్వేకి, అక్కడికీ జర్మన్ సైన్యం వచ్చేసరికి 1940లో బ్రిటన్‌కి పారిపోయాడు. శత్రుదేశం మనిషి అని బ్రిటన్ వాళ్ళు ఆయన్ని ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో నిర్బంధిస్తే, అక్కడ సామాను దొరక్క మిగిలిపోయిన ఓట్స్ జావతో శిల్పాలు చేశాడు. విడుదలయ్యాక ఇంగ్లీషు చాక్లెట్ కాగితాలు ఆయన కొలాజ్‌లలోకి వచ్చి చేరాయి. ఊరు మారితే చెత్త మారింది, చెత్త మారితే బొమ్మ మారింది. చేసే తీరు మాత్రం చివరిదాకా అదే.

ఆ తీరు గురించి, ఆయన పని చేస్తుండగా చూసినవాళ్ళు చెప్పిన వివరం ఒకటి నాకు చాలా ఇష్టం. కాగితమంతా పిండి జిగురు పూసేసి, ఆ తడిలో ముక్కల్ని అటూ ఇటూ జరుపుతూ, తిప్పుతూ అమర్చేవాడట. మీరు బహుశా ఒక్కో ముక్క వెనక గ్లూ స్టిక్ రాసి, చోటు చూసుకుని, ఊపిరి బిగబట్టి అంటిస్తుంటారు. అంటించాక ఇక కదలదు కాబట్టి టెన్షన్ పడతారు, టెన్షన్ పడతారు కాబట్టి వీడియోలో ఉన్న చోటే పెడతారు. నకలు సగం అక్కడే మొదలవుతుంది. ముక్కలు జరిగే వీలుంటే చెయ్యి తనంతట తాను వెతుక్కుంటుంది.

ఈ పద్ధతికి మీరు కొనాల్సింది ఏమీ లేదు. మన గోడల మీద సినిమా పోస్టర్లు అంటించిన మైదా జిగురు చాలు. రెండు చెంచాల మైదా చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, ఒక గ్లాసు మరిగే నీళ్ళు పోసి, సన్నని మంట మీద కలుపుతూ ఉంటే తెల్లదనం తగ్గి చిక్కబడుతుంది. చల్లార్చి బ్రష్‌తో పూయండి. ఫెవికాల్ కన్నా నెమ్మదిగా పడుతుంది కాబట్టి ముక్కల్ని తీరిగ్గా జరుపుకోవచ్చు. మీకు కావలసిన గుణం అదే. అయితే పిండి జిగురుకు పురుగులు వస్తాయి. అందుకే బైండింగ్ చేసేవాళ్ళు కొందరు దానిలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, ఇంట్లో చిన్నపాప ఉంది కాబట్టి మీరు ఆ జోలికి పోకండి. ఆ పూటకు కావలసినంతే కాచుకోండి, పలచగా పూయండి, పేజీ పూర్తిగా ఆరాకే పుస్తకం మూయండి.

ఇక ముక్కలు. శుభలేఖలు, రోజూ చింపే క్యాలెండర్ చీటీలు, అగరుబత్తి డబ్బాలు, టైలర్ ఇచ్చిన కొలతల చీటీ, సిరిమాను జాతర కరపత్రం, పాప పడేసిన లెక్కల కాగితం. విదేశీ ఆర్టిస్టులు అమ్మే 'పాతకాలపు కాగితాల ప్యాకెట్' కొని అంటించేవాళ్ళను చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. వాళ్ళ ముత్తాతల కిరాణా బిల్లులు మనకెందుకండీ, మన బీరువా కింద అరలో లేవా?

బస్సు టికెట్లతో మాత్రం జాగ్రత్త. ష్విట్టర్స్ ట్రామ్ టికెట్లు సిరాతో అచ్చువేసినవి, నిలబడ్డాయి. ఇప్పుడు కండక్టర్ మిషన్ నుంచి చింపి ఇచ్చేది, ఏటీఎం స్లిప్పు, సూపర్ మార్కెట్ బిల్లు, ఇవన్నీ థర్మల్ కాగితాలు. వేడి తగిలితే నల్లబడతాయి, కాలం గడిస్తే అక్షరాలు మాయమవుతాయి. హెయిర్ డ్రయర్ పెట్టారంటే టికెట్ అంతా మీ కళ్ళముందే మసైపోతుంది. ఒక రూపాయో రెండు రూపాయలో పెట్టి జిరాక్స్ తీయించి ఆ కాపీని అంటించండి. న్యూస్‌పేపర్ పసుపెక్కి పెళుసవుతుంది. నాకు ఆ పసుపే ఇష్టం. మీకు ఇష్టం లేకపోతే దానికీ జిరాక్సే మందు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసినవి మాత్రం తడి జిగురులో రంగు కక్కుతాయి.

బురద గురించి రాశారు. అది రెండు కారణాల వల్ల వస్తుంది, రెండూ మీ పేజీల్లో ఉన్నాయని నా అనుమానం. మొదటిది, తడి మీద తడి. ఎరుపూ ఆకుపచ్చా, నారింజా నీలం, పసుపూ ఊదా ఇలా ఎదురెదురు రంగులు ఆరకముందే కలిస్తే మట్టిరంగు రాక తప్పదు. మీకున్నది గంట, ఆ గంటలోనే పేజీ పూర్తి కావాలన్న తొందరలో ఆరే టైం ఇవ్వరు. దీనికి విరుగుడు ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ దగ్గర ఉంది.

హెన్రీ మతీస్‌కి 1941లో పెద్ద ఆపరేషన్ అయింది. ఆ తర్వాత చాలాకాలం మంచం మీదా చక్రాల కుర్చీలోనూ గడిచింది, ఈజిల్ ముందు నిలబడి వేసే ఓపిక తగ్గింది. సహాయకులు కాగితాలకు గ్వాష్ (నీళ్ళతో కలిపే చిక్కని) రంగులు పూసి ఆరబెట్టి ఇస్తే, ఆయన కత్తెరతో ఆకులు, పక్షులు, మనుషుల ఆకారాలు కోసేవాడు. వాటిని గోడకు గుండుసూదులతో గుచ్చి, నచ్చేదాకా చోటు మార్పించేవాడు. ఇక్కడా చూడండి, ముక్క జరుగుతుంది. రంగు ముందే ఆరిపోయి ఉంది కాబట్టి ఎరుపు పక్కన ఆకుపచ్చ పెట్టినా బురద కాదు, రెండూ ఇంకా మెరుస్తాయి.

మన దేశంలో బినోద్ బిహారీ ముఖర్జీ కథ ఇంకా గట్టిది. శాంతినికేతన్ గోడల మీద పెద్ద పెద్ద కుడ్యచిత్రాలు వేసిన మనిషి. పుట్టుకతోనే చూపు బలహీనం, 1957లో ఆపరేషన్ తర్వాత పూర్తిగా పోయింది. ఆయన పని ఆపలేదు. రంగు కాగితాలు కత్తిరించి, చేత్తో తడుముకుంటూ అంటించి బొమ్మలు చేశాడు. ఆ కొలాజ్‌ల ఫొటోలు దొరికితే చూడండి. ఆకారాలు ఎంత తక్కువో, ఎంత ధీమాగా ఉంటాయో గమనించండి.

మీ గంటను వీళ్ళిద్దరి పద్ధతిలో పంచుకోండి. ఒక రాత్రి కాగితాలకు రంగులు పూయడమే పని. పేజీ ఊసే వద్దు. మీ జెల్ ప్లేట్ దానికి బాగా పనికొస్తుంది, దాని మీద రంగు పూసి, కాగితం అదిమి ముద్రలు తీసుకుంటూ పోండి. పాత టెలిఫోన్ డైరెక్టరీ కాగితం, పాప డ్రాయింగ్ బుక్కులో వెనక వైపు, బ్రౌన్ కవరు, ఏదైనా సరే. ఇది చదివే ఇతరులు ప్లేట్ కొనకుండా మందపాటి ప్లాస్టిక్ షీటు మీద రంగు పూసి, దాని మీద ఆకు పెట్టి కాగితం అదిమినా ముద్ర వస్తుంది, కాస్త మొరటుగా. ఇంట్లో జెలటిన్‌తో ప్లేట్ చేసుకునే పద్ధతీ ఉంది కానీ, జెలటిన్ జంతువుల నుంచి తీసేది, పట్టింపు ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఇలా తయారైన కాగితాలు ఒక అట్టపెట్టెలో వేసి ఉంచండి. మర్నాడు రాత్రి కత్తెర, మైదా జిగురు, అంతే. బురద సమస్య నూటికి తొంభై వంతులు ఇక్కడే పోతుంది.

రెండో కారణం పొరల వరస. ఇది ఎవరూ సరిగా చెప్పరు, వీడియోల్లో వాళ్ళు వాడే రంగులూ మన స్టేషనరీ షాపు రంగులూ ఒకటి కావు కాబట్టి చెప్పినా ఉపయోగం తక్కువ. పోస్టర్ కలర్ ఆరాక కూడా నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుంది. ఆక్రిలిక్ ఒకసారి ఆరితే కరగదు. అందుకని కింద పోస్టర్ కలర్ వేసి, పైన పలచని ఆక్రిలిక్ పూస్తే కింది రంగు లేచి పైదానిలో కలిసి చెడగొడుతుంది. కింద ఆక్రిలిక్, పైన పోస్టర్ కలర్ అయితే పేచీ లేదు. ఆక్రిలిక్ ఖరీదనుకుంటే చీరల మీద వేసే ఫ్యాబ్రిక్ పెయింట్ చూడండి, అదీ ఆక్రిలిక్ జాతే. పిల్లల స్కెచ్ పెన్నుల రంగు పైన తెల్లరంగు ఎన్ని పూతలు వేసినా పైకి తేలి వస్తుంది. తెల్లగా కప్పేశాననుకున్న చోట రేపటికి గులాబీ మరకలు కనిపిస్తే దోషి అదే. ఆయిల్ పేస్టల్, క్రేయాన్, కొవ్వొత్తి, ఈ మైనం సరుకంతా చివర వాడేది. వాటి మీద ఆక్రిలిక్ నిలవదు, ఎండాక పొరలుగా ఊడుతుంది. పెన్నుతో రాతలు కూడా రంగు పూర్తిగా ఆరాకే రాయండి. జెస్సో మీద జెల్ పెన్ను ముక్కు మూసుకుపోతుంది, వాటర్‌ప్రూఫ్ పిగ్మెంట్ పెన్ను ఒకటి ఉంచుకుంటే మంచిది.

మైనం చివర అన్నాను కానీ, దాన్నే ముందు పెట్టి ఆడుకునే పద్ధతి ఒకటుంది. మాక్స్ ఎర్నెస్ట్ అనే చిత్రకారుడు 1925 ఆగస్టులో ఫ్రాన్స్ సముద్రతీరంలో ఒక సత్రంలో దిగినప్పుడు, అరిగిపోయి గీతలు తేలిన చెక్క నేలను చూసి, దాని మీద కాగితాలు పరిచి నల్ల పెన్సిల్‌తో రుద్దాడు. ఆ గీతల్లో ఆయనకు అడవులు, పక్షులు కనిపించాయి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి మనమంతా చేసిన పనే, ఆయన దాన్ని ఒక పద్ధతిగా పట్టుకున్నాడు. మీ ఇంట్లో చాట, వెదురు బుట్ట, పాత తలుపు చెక్కడం, ఇత్తడి పళ్ళెం అడుగున ఉన్న పేరు, కలంకారీ చెక్క అచ్చు ఉంటే అది, ఏది దొరికితే దాని మీద పలచని కాగితం వేసి క్రేయాన్‌తో రుద్దండి. పైన నీటిరంగు పలచగా పూస్తే మైనం ఉన్నచోట రంగు అంటదు, గీతలు తేలతాయి. ఆ కాగితాలూ అట్టపెట్టెలోకే.

స్టెన్సిళ్ళ మీద కూడా ఇక డబ్బు పెట్టకండి. పండగ ముందు బజార్లో అమ్మే ముగ్గు జాలీలు ఉన్నాయిగా, చిల్లుల డిజైన్లవి. వాటి మీద టెక్స్చర్ పేస్ట్ పాత ఏటీఎం కార్డుతో లాగి, జాలీని నిటారుగా పైకి ఎత్తండి. పేస్ట్ ఆరకముందే జాలీని కడిగేయాలి, లేకపోతే చిల్లులు పూడిపోతాయి.

జెస్సో గురించి ఒక మాట. డబ్బా మీద పేరు చూసి ఇదేదో పరాయి వస్తువనుకోకండి. చేర్యాల నకాషీ చిత్రకారులు పటం వేసేముందు ఖాదీ గుడ్డకు గంజి, ఉడికించిన చింతగింజల జిగురు, సుద్దమట్టి, చెట్టు బంక కలిపిన పూత వేసి ఆరబెడతారు, దాని మీద మళ్ళీ పూత. రంగును గుడ్డ తాగేయకుండా, గీత పాకిపోకుండా పట్టే నేల తయారు చేయడమే అక్కడి పని. జెస్సో చేసేదీ అదే. మీ డబ్బా అయిపోయాక కొత్తది కొనకుండా, ఫెవికాల్ ఒక వంతు, తెల్ల ఆక్రిలిక్ ఒక వంతు, మెత్తగా జల్లించిన సుద్దపొడి రెండు వంతులు, కొంచెం నీళ్ళు కలిపి చూడండి. మందంగా పూయకండి, పేజీ వంచినప్పుడు పగులుతుంది. జర్నల్‌కి రెండు పలచని పూతలు సరిపోతాయి. ముందు వేరే కాగితం మీద పరీక్షించుకోండి, ఎందుకంటే సుద్దపొడి ఒక్కో షాపులో ఒక్కోలా ఉంటుంది.

ఫొటోలు పేజీలోకి దించడం మీ లిస్టులో లేదు కానీ, మీకు బాగా నచ్చుతుందనిపించి చెబుతున్నాను. రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే అమెరికన్ చిత్రకారుడు పత్రికల్లోని ఫొటోలను లైటర్ ద్రవంతో తడిపి, కాగితం మీద బోర్లించి, వెనక నుంచి రుద్ది ముద్ర దించేవాడు. 1958 నుంచి 1960 దాకా ఆ తీరులో 34 డ్రాయింగుల వరస ఒకటి చేశాడు. ఆయనే 1975లో అహ్మదాబాద్ వచ్చి, గాంధీ ఆశ్రమం కాగితపు మిల్లులో చేతితో చేసిన కాగితం, బట్ట, వెదురు, మట్టితో పని చేశాడు. అమెరికా పత్రికలు వెంట తెచ్చుకోలేదు చూశారా. లైటర్ ద్రవం మండే పదార్థం, దాని వాసన పీల్చడం మంచిది కాదు, మూసిన గదిలో రాత్రిపూట అసలు వద్దు. దానికి బదులు ఆక్రిలిక్ జెల్ మీడియం (రంగు లేని చిక్కని ఆక్రిలిక్) పూసి, జిరాక్స్ లేదా లేజర్ ప్రింట్ కాపీని బోర్లా అంటించి, రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు తడి వేలితో కాగితం పొరను మెల్లగా రుద్దితే గుజ్జు ఊడిపోయి బొమ్మ మిగులుతుంది. దీనికి ఫెవికాల్ అంత బాగా పనికిరాదు, తడి తగిలితే అది మళ్ళీ మెత్తబడి బొమ్మతో సహా లేస్తుంది. బొమ్మ ఎడమ కుడిగా, కుడి ఎడమగా మారుతుంది కాబట్టి అమ్మమ్మ ఉత్తరమో, షాపు బోర్డో దించాలనుకుంటే అక్షరాలు తిరగబడతాయి. ముందే ఫోన్‌లో ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పి ప్రింట్ తీయించుకోండి. ఉత్తరం అసలు ప్రతిని మాత్రం పొరపాటున కూడా వాడకండి.

అతుక్కుపోయే పేజీల సంగతి. మీది తీరానికి దగ్గర ఊరు, ఉక్కపోత ఎక్కువ. ఆరిన ఆక్రిలిక్ కూడా వేడికి, తేమకు కొంచెం మెత్తగా ఉంటుంది, రెండు పేజీలు ముఖాముఖి ఒత్తుకుంటే పట్టేస్తుంది. మెరుపు పూత అయితే ఇంకా ఎక్కువ. పైపూతకు మ్యాట్ రకమే వాడండి, ఫెవికాల్‌ను పైపూతగా అసలు వాడకండి. పేజీల మధ్య బేకింగ్ పేపర్ పెట్టండి, జర్నల్‌ను నిలబెట్టి ఉంచండి, మీద పుస్తకాల బరువు వద్దు. పేజీ ఇక పూర్తయింది, ఏమీ చేర్చను అనుకుంటే కొవ్వొత్తి ముక్కతో తేలిగ్గా రుద్ది మెత్తని గుడ్డతో పామండి. ఇప్పటికే అతుక్కున్న పేజీలను లాగకండి. పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో గట్టిగా చుట్టి ఫ్రీజర్లో కాసేపు ఉంచితే ఆక్రిలిక్ బిగుస్తుంది, అప్పుడు సన్నని స్కేలు దూర్చి విడదీయండి. కొంత రంగు ఊడొచ్చు. ఊడిన చోట కింది పొర బయటపడటం బాగుందనుకుని కావాలని ఇలా చేసేవాళ్ళూ ఉన్నారు.

కాగితం ఉబ్బడం మామూలు నోటుబుక్కు కాగితం వల్ల. 60, 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క) కాగితం ఇంత తడిని మోయలేదు. రెండేసి పేజీలను మైదాతో కలిపి అంటించి ఒకటిగా చేయండి, లేదా 300 జీఎస్ఎం నీటిరంగుల కాగితం విడిగా కొని, వేసుకున్నాక దారంతో కుట్టించండి. కాగితానికి రెండు వైపులా పూత పడితే వంకర తగ్గుతుంది. పాత గట్టి అట్ట పుస్తకాన్ని జర్నల్‌గా వాడుతుంటే, దారంతో కుట్టినదా లేదా చూసి తీసుకోండి. గమ్ము బైండింగ్ అయితే నాలుగు కొలాజ్‌లకే పేజీలు విడిపోతాయి. మధ్యమధ్య కొన్ని పేజీలు కోసేస్తే లావు పెరగడానికి చోటుంటుంది.

శైలి గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. దాన్ని వెతుక్కుంటూ వెళితే దొరకదు, పట్టించుకోకపోతే ఎప్పుడో వచ్చి కూర్చుంటుంది. అయితే మీరు టెక్నిక్‌ను రాత్రికొకటి మారుస్తున్నారు. దానివల్ల ప్రతిదాన్నీ మొదటిసారి చేస్తున్నట్టే ఉంటుంది. మొదటిసారి ఎవరు చేసినా చూసినదానికి నకలే. నెలకు ఒక పద్ధతి పెట్టుకోండి. ఈ నెల పిండి జిగురు, ముక్కలు. మొదట ష్విట్టర్స్ చేసినట్టే చేయండి, ఏ సిగ్గూ వద్దు. తర్వాత అదే పద్ధతిలో ఆయన వాడిన వస్తువులు తీసేసి మీవి పెట్టండి. ఆపైన ఆయన ఎన్నడూ ముట్టని విషయం ఒకటి తీసుకోండి: మీ స్టాఫ్ రూము, పాప జ్వరం, కరెంటు పోయిన రాత్రి. అప్పటికి మొదటి పేజీ ఎవరిదో మూడో పేజీ చూసినవాళ్ళు చెప్పలేరు.

వీడియో చూసేటప్పుడు కూడా ఒక అలవాటు చేసుకోండి. పేజీని వెనక్కి చదవండి. ఆఖరున ఏం వేసింది? దాని కింద ఏముంది? అన్నిటికన్నా కింద ఏముంది? కాగితం మీద ఈ వరస రాసుకుని వీడియో ఆపేయండి. మళ్ళీ చూడకుండా చేయండి. మర్చిపోయినచోట మీరే ఏదో ఒకటి పెట్టాల్సి వస్తుంది, మీ సొంతం అక్కడ మొదలవుతుంది.

ఇంకొక సంగతి అడగాలనిపిస్తోంది. మీ పేజీల మీద మాటలు ఏ భాషలో రాస్తారు? నేను చూసిన మన జర్నళ్ళలో తొంభై శాతం ఇంగ్లీషు కొటేషన్లే, అవీ వంకీల అక్షరాల్లో. తెలుగులో, మీ మామూలు చేతిరాతలో, ఆ రోజు ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాయండి. చేతిరాత బాగోదంటారేమో. రవీంద్రనాథ్ టాగూర్ తన రాతప్రతుల్లో కొట్టేసిన పదాలను ఊరికే వదలకుండా, ఒక కొట్టివేతను ఇంకో కొట్టివేతతో కలిపి జంతువులుగా, ముఖాలుగా మార్చేవాడు. అరవై దాటాక అదే ఆయన్ని చిత్రకారుణ్ణి చేసింది, 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన జరిగింది. తెలుగు అక్షరాల గుండ్రాలూ తలకట్లూ కొమ్ములూ కొట్టివేతలకు ఇంకా అనువైనవి. తప్పు రాసిన మాట మీద వైట్‌నర్ పూయకండి.

చివరగా, అమ్మకం. మీ ఇంట్లో మీ పుస్తకంలో ఎవరి పేజీని నకలు చేసినా అది సాధన, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఇన్‌స్టాలో పెడితే ఎవరిని చూసి చేశారో వాళ్ళ పేరు రాయండి, వాళ్ళను ట్యాగ్ చేస్తే సంతోషిస్తారు కూడా. అమ్మడానికి వచ్చేసరికి గీత గట్టిగా గీయాలి. పద్ధతి ఎవరి సొత్తూ కాదు: ముద్ర తీయడం, చించడం, రుద్దడం, దించడం ఎవరైనా చేయొచ్చు. వాళ్ళు గీసిన ముఖం, వాళ్ళ కూర్పు, వాళ్ళ స్టెన్సిల్ డిజైన్, పత్రిక నుంచి కోసిన ఇంకొకరి ఫొటో, ఇవి ఉన్న పేజీని స్కాన్ చేసి బుక్‌మార్కులుగా అమ్మకండి. స్టెన్సిళ్ళ ప్యాకెట్ మీద, ఆర్టిస్టుల ఆన్‌లైన్ క్లాసుల్లో అమ్మకానికి వాడొచ్చా లేదా అన్నది చాలాసార్లు రాసి ఉంటుంది, చదవండి. మీరు రంగు పూసిన కాగితాలు, మీ ఇంటి చాట ముద్రలు, మీ చేతిరాత ఉన్న పేజీల నుంచి కోసిన బుక్‌మార్కులైతే నిశ్చింతగా అమ్ముకోండి. వాటికి మెరుపు పూత వేయకండి, కొన్నవాళ్ళ పుస్తకాల్లో అతుక్కుంటాయి. 300 జీఎస్ఎం కాగితం మీద అంటించి, మైనం రుద్ది ఇవ్వండి.